రెండో తాడు

"ఆ బండి మా నాయనమ్మ మీది నుంచి తీయండి."

ముర్డో ఆగాడు. పొద్దుటినుంచీ వాన. చినుకు అనడానికి లేదు, జడి అనడానికీ లేదు. మా బాల్‌ఫెర్న్ వాన ఎప్పుడూ అంతే, ఏదో ఒకటి తేల్చి చెప్పదు. అతని మేజోళ్ళు తడిసి ముద్దయ్యాయి. చేతుల్లో రాడార్ బండి. చూడ్డానికి గడ్డి కోసే మెషిన్‌లా ఉంటుంది, గడ్డి మాత్రం కోయదు. నేల కింద రాయి ఉందో గుల్ల ఉందో తెరమీద గీతలు గీసి చూపిస్తుంది.

"ఇది ఏమీ చేయదండీ. పైనుంచి చూస్తుందంతే."

"పైనుంచి చూసేవాళ్ళంటే మా నాయనమ్మకి బతికున్నప్పుడే పడేది కాదు."

చేతిలో జామ్ సీసా, అందులో పసుపు పూలు పట్టుకుని నిలబడింది ఎల్స్‌పెత్. బేకరీలో తెల్లారకముందే పని మొదలుపెట్టి తిన్నగా వచ్చినట్టుంది, కళ్ళు నిద్రకు వాచి ఉన్నాయి. ఏం మాట్లాడాలో తోచక ముర్డో అన్నాడు:

"మీ కనుబొమ్మకి పిండి అంటుకుంది."

"మీ బూటు కింద మా నాయనమ్మ ఉంది. ముందు ఏది చూసుకుందాం?"

అతను బండితో సహా వెనక్కి జరిగాడు. వెళ్ళి వెళ్ళి పక్క సమాధి రాయికి కొట్టుకున్నాడు. ఆమె నవ్వలేదు. నవ్వే ఓపిక లేక నవ్వలేదు, అంతే. ఆ సంగతి తర్వాత తనే చెప్పింది.

మా అబ్బేలో, అంటే పాడుబడ్డ పాత సన్యాసుల మఠంలో, ముగ్గురు రాజులూ ఒక రాణీ పడుకున్నారని తాతముత్తాతల నాటినుంచీ చెప్పుకుంటున్నారు. ఎక్కడ పడుకున్నారో మాత్రం ఎవరికీ తెలియదు. మతం మారిన రోజుల్లో జనం వచ్చి మఠాన్నీ సమాధుల్నీ పగలగొట్టారు. మిగిలిన రాళ్ళు ఊళ్ళో సగం ఇళ్ళకు గోడలయ్యాయి. పోస్టాఫీసు వెనక గోడలో ఇప్పటికీ ఒక దేవదూత ముక్కు కనబడుతుంది. పైకప్పు పోయిన ఆ తూర్పు కొసన ఊరివాళ్ళు తమవాళ్ళను పాతిపెట్టుకోవడం మొదలుపెట్టారు. రాజుల మీద మేస్త్రీలు, మేస్త్రీల మీద నేతగాళ్ళు, వాళ్ళ మీద బస్సు డ్రైవర్ల పెళ్ళాలు.

తరానికొకసారి ఎవరో వచ్చి రాజును వెతుకుతారు. రాజు దొరకడు. రోడ్డు గుంతలు పూడ్చమంటే కౌన్సిల్ దగ్గర డబ్బుండదు. ఏనాడో చచ్చినవాణ్ణి వెతకడానికి మాత్రం ఎక్కడినుంచో పుట్టుకొస్తుంది.

ఈసారి మాత్రం ఏదో దొరికేటట్టే ఉంది. ముర్డో గీతల్లో, నేల కింద, రాళ్ళు పేర్చి కట్టిన పొడుగాటి గుల్ల ఒకటి కనబడింది. ఈ వెతుకులాట నడిపిస్తున్న ప్రొఫెసర్ కిన్నియర్ గారు ఆ గీతలు చూసి కుర్చీలో కూర్చుండిపోయింది. ఆమె ఈ రాజు కోసం వెతకడం మొదలుపెట్టినప్పుడు జుట్టు నల్లగా ఉండేది.

చిక్కేమిటంటే, ఆ గుల్ల సరిగ్గా ఎల్స్‌పెత్ నాయనమ్మ ఇసొబెల్ సమాధి కింద ఉంది. పక్కనున్న ఖాళీ జాగా కింద కూడా. ఆ ఖాళీ జాగా ఇసొబెల్ మొగుడు వాటీ గెడ్డిస్‌ది. పెళ్ళాం పక్కన పడుకోవడానికి అట్టేపెట్టుకున్నాడు. తవ్వాలంటే ఇసొబెల్‌ను ఊరిబయట కొండమీది కొత్త శ్మశానానికి మార్చాలి. అక్కడ వచ్చినవాళ్ళని వచ్చినట్టు వరసగా పాతుతారు, మొగుడూ పెళ్ళాలకని పక్కపక్కన జాగా ఇవ్వరు. వాటీ సరే అంటే తప్ప పార వేయడానికి లేదు.

ఆ 'సరే' పట్టుకురమ్మని ముర్డోను పంపారు. తవ్వకం మొదలైతే అతనికి ఏడాది పొడుగునా ఇక్కడే పని. లేకపోతే మళ్ళీ ఇంకో ఊరు, ఇంకో వాన.

వాటీ ఇంటి తలుపు తీసింది ఎల్స్‌పెత్.

"బండి బయట పెట్టి రండి."

"బండి తేలేదండీ."

"అయితే మీరు బయట ఉండండి."

"ఎవరే అది?" లోపలినుంచి ముసలాయన గొంతు.

"రాజుగారి తరఫు మనిషి తాతా."

"వానలో నిలబెట్టకు. సూప్ పొయ్యిమీదే ఉంది, గిన్నెలో పోసివ్వు."

వాటీ మోకాళ్ళ మీద కంబళి కప్పుకుని వంటింట్లో కూర్చున్నాడు. ముప్పై ఏళ్ళకు పైగా బస్సు నడిపిన మనిషి, వంటిల్లు దాటి బయటికి వెళ్ళాలంటే ఇప్పుడు ఆలోచించుకుంటాడు. ముర్డో రెండు చెంచాలు బార్లీ సూప్ తాగాక తలెత్తి చెప్పవలసింది చెప్పాడు. చెప్పినంతసేపూ ఎల్స్‌పెత్ గిన్నెలు కడుగుతూనే ఉంది. కడిగినవే మళ్ళీ కడిగింది.

"ఇసొబెల్‌ని పెట్టెలో పెట్టి గోతిలోకి దించినప్పుడు ఎనిమిది తాళ్ళు, తాడుకొక మనిషి," అన్నాడు వాటీ. "తలవైపు ఒకటో తాడు నాది. కాళ్ళవైపు రెండోది ఈ పిల్లది. అప్పటికి పందొమ్మిదేళ్ళు దీనికి. అమ్మా నాన్నా లేని పిల్ల, మేమే పెంచాం. ఒకటీ రెండూ ఇంటివాళ్ళకే ఇస్తాం కదా బాబూ. మీవైపూ అంతేనా?"

"మావైపూ అంతేనండి. మా అమ్మకి నేనూ మా అన్నా పట్టాం."

"ఆ బరువు చేతికి తెలుస్తుంది. తర్వాత ఎన్నేళ్ళయినా పోదు." ముసలాయన కళ్ళు మూసుకున్నాడు. "సరే. తవ్వుకోండి."

కుళాయి ఆగింది.

"తాతా?"

"వాదించే ఓపిక నాకు లేదే. ఉత్తరాలు, ఫోన్లు, కౌన్సిల్ వాళ్ళు, పేపరు వాళ్ళు. రాజుకి చోటు కావాలట. ఇచ్చేద్దాం. ఎప్పుడూ వాళ్ళకే కదా ఇచ్చాం."

ఎల్స్‌పెత్ చేతులు తుడుచుకోకుండానే పెరటి తలుపు దగ్గరికి పోయి, అటు తిరిగి నిలబడింది. భుజాలు కదిలాయి.

ముర్డో వచ్చిన పని అయిపోయింది. థాంక్స్ చెప్పి లేచి పోవచ్చు. లేచాడు కూడా. ఎటూ పోలేదు.

"ఇప్పుడే సరే అనకండి, గెడ్డిస్ గారూ," అన్నాడు.

"అదేమిటయ్యా, అది అడగడానికే కదా వచ్చావు."

"వచ్చాను. కానీ అది రాజో కాదో నాకు తెలీదు. గుల్ల అని చెప్పగలను, అంతకు మించి చెప్పలేను. ఆ గుల్ల మీ జాగాలో ఆగలేదండి. పక్కనున్న నడకదారి కిందకి కూడా పోయింది. దారిలో ఎవర్నీ పాతిపెట్టలేదు. ముందు అక్కడ తవ్వితే ఎవర్నీ కదపక్కర్లేదు. అక్కడ రాజు ఉంటే అప్పుడు నన్ను మళ్ళీ తిట్టండి."

"మరి మొదటే ఆ మాట చెప్పలేదేం?" అంది ఎల్స్‌పెత్, ఇటు తిరక్కుండానే.

"చెప్పాను. దారిమీద అయితే చిన్న గొయ్యే పడుతుంది, పెద్ద తవ్వకానికైతేనే పైవాళ్ళు డబ్బిస్తారు అన్నారు."

"చిన్న గొయ్యి అయితే మీ ఉద్యోగం?"

"పది రోజులు ఉంటుంది."

అప్పుడు తిరిగింది. కాసేపు అతన్నే చూసింది.

"ఆ సూప్ చల్లారిపోయింది. ఇటివ్వు, వేడి చేస్తాను," అంది.

'మీరు' ఎప్పుడు పోయిందో ఇద్దరూ గమనించలేదు. వాటీ గమనించాడు.

ముర్డో అడిగితే కిన్నియర్ గారు కోప్పడలేదు. ఆమె కూడా అలిసిపోయింది. "దారిమీదే తవ్వుదాం. నాక్కూడా ఎవరి నాయనమ్మనీ లేపాలని లేదు," అంది.

తవ్వారు. రోజూ మధ్యాహ్నం బేకరీ కట్టేశాక ఎల్స్‌పెత్ మిగిలిన రొట్టెలు సంచిలో వేసుకుని గొయ్యి అంచుకు వచ్చేది. కూర్చోవడానికి తాతయ్య పాత బస్సు కోటు పరుచుకునేది.

"దొరికారా రాజుగారు?"

"ఇంకా లేవలేదు."

"నీకంటే ఆయనే నయం. కనీసం పడుకున్నాడు. ఆ కళ్ళు చూసుకున్నావా?"

"నీ కళ్ళు నువ్వు చూసుకున్నావా?"

"నావి పిండికి ఎర్రబడ్డాయి."

"నావి చూడగా చూడగా ఎర్రబడ్డాయి."

"దేన్ని చూసి?"

అతను మట్టిలోకి చూశాడు. వాన సమయానికి పెద్దదయింది. ఇద్దరూ ఒక్క టార్పాలిన్ కింద రొట్టె తిన్నారు. చెప్పవలసిన మాట నోటిదాకా వచ్చింది. పది రోజుల పనివాడు ఏం మొహం పెట్టుకుని చెబుతాడు? రొట్టెతో పాటు మింగేశాడు.

ఆఖరికి గుల్ల బయటపడింది. అందంగా పేర్చిన రాళ్ళు, చక్కటి వాలు. సన్యాసుల మరుగుదొడ్ల మురుగుకాలువ.

ఎల్స్‌పెత్ అంచున నిలబడి చూసింది. మొదటిసారి నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ కోటు మీద కూలబడింది.

"మా నాయనమ్మని దీనికోసం లేపేవాళ్ళా!"

"రాజులు కూడా వెళ్ళి ఉంటారులే," అన్నాడు ముర్డో.

కాలువ పక్కనే, పెట్టె లేకుండా, పైన ఒక్క రాతిపలకైనా లేకుండా, ఒక మనిషి ఎముకలు దొరికాయి. ఉంగరం లేదు, బట్ట లేదు. ముసలివాడు. రెండు మోకాళ్ళూ పూర్తిగా అరిగిపోయాయి. వంగి ప్రార్థన చేసి అరిగాయో, వంగి నేల కడిగి అరిగాయో ఎవరు చెబుతారు? రాజుల మోకాళ్ళు అలా అరగవు. అంతవరకు ఎవరైనా చెప్పగలరు.

పేపరువాళ్ళు రెండో రోజుకల్లా పోయారు. ముర్డో మూడో రోజున పోయాడు, ఉత్తరాన ఇంకెక్కడో కొత్త రోడ్డు పడే చోట బండి తోయడానికి. బస్సు దగ్గరికి ఎల్స్‌పెత్ రాలేదు. బేకరీలో ఉంది. రొట్టెల సంచి మాత్రం డ్రైవరు చేతికిచ్చి పంపింది.

ల్యాబులో పరీక్షలు అయ్యాక, ఆకులు రాలే కాలంలో, ఆ ఎముకలు తిరిగొచ్చాయి. కౌన్సిల్ వాళ్ళు చప్పుడు లేకుండా పూడ్చేద్దామన్నారు. వాటీ ఊరుకోలేదు. వంటింట్లో కూర్చునే అందరికీ ఫోన్లు చేయించాడు. రాజయితే పెద్దలంతా తాడు కోసం కొట్టుకునేవాళ్ళు. నేల కడిగినవాడికి తాడు లేదా? పెట్టెలో పెట్టండి, తాళ్ళు కట్టండి అన్నాడు. పాదిరిగారు సరే అన్నారు.

ముర్డో రెండు బస్సులు మారి వచ్చాడు. అంతకుముందు అతనికి ఒక్క మాటే అందింది ఎల్స్‌పెత్ దగ్గరనుంచి: "ఆ అరిగిన మోకాళ్ళ ముసలాయనకి చుట్టాలు లేరు. తవ్వినవాడివి నువ్వే."

ఒకటో తాడు కిన్నియర్ గారికిచ్చారు. రెండోది ముర్డోకు. అతని ఎడమపక్క తాడు ఎల్స్‌పెత్‌ది. పెట్టె తేలిక. అయినా బరువు చేతికి తెలిసింది. తాళ్ళు వదిలారు. చక్రాల కుర్చీలో కూర్చున్న వాటీ టోపీ తీశాడు. వాన మొదలైంది, తేల్చి చెప్పకుండా.

జనం పోయారు. ఇసొబెల్ రాయి దగ్గర జామ్ సీసాలో నీళ్ళు మారుస్తూ ఎల్స్‌పెత్ అంది:

"తాతయ్య తన పెట్టెని దించే తాళ్ళు కూడా పంచేశాడు."

"ఇప్పుడేనా? బాగానే ఉన్నాడుగా."

"ఉన్నాడు. ముందే చెప్పి పెడితే నయమట. ఒకటోది నాది."

"మరి రెండోది?"

"రెండోది నీదట."

రెండోది ఎవరికిస్తారో ముర్డోకు తెలుసు. ఆమెకూ తెలుసు.

"అది ఇంటి మనిషికి కదా ఇస్తారు, ఎల్స్‌పెత్. నేను మీ ఇంటి మనిషిని కాదే."

"తాతయ్యకి తొందర లేదట. ఇంకో పదేళ్ళు బతుకుతానంటున్నాడు." సీసా నేలలో గట్టిగా గుచ్చింది. "ఈలోగా అవుతావేమో చూసుకో."

"ఇక్కడ పని లేదు నాకు."

"బేకరీలో ఉంది. తెల్లారకముందే లేవాలి. లేస్తావా?"

"నాకసలు నిద్రెక్కడిది," అన్నాడు ముర్డో. టార్పాలిన్ కింద మింగేసిన మాట అప్పుడు చెప్పాడు, మెల్లగా, తడిసిన మేజోళ్ళతో నిలబడి.

ఆమె విన్నది. వేలితో అతని కనుబొమ్మ మీది మట్టి తుడిచింది.

"ఎంతసేపు?" అని గేటు దగ్గరనుంచి కేకేశాడు వాటీ. "ఇక్కడ మోకాళ్ళు అరిగినవాడు ఇంకొకడున్నాడు. సూప్ వేళయింది."