లోపలి వైపు గీత

ఎండలో కారు కడిగేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. నీళ్ళు కొట్టేలోపే షాంపూ ఆరిపోయి తెల్లటి మచ్చలు కట్టి కూర్చుంటుంది. ఆ తరవాత ఎంత రుద్దినా పోదు. అందుకే నేను బండిని మా ఇంటి గ్యారేజీలోకి తెచ్చుకుని, షట్టర్ ముప్పావు వంతు దించేసి, ట్యూబ్‌లైటు వేసుకుని మొదలుపెడతాను. పద్నాలుగేళ్ళుగా ఇదే పని. రెండు బకెట్లు, ఒకటి షాంపూకి, ఒకటి గుడ్డ జాడించడానికి. పైనుంచి కిందికి. చక్రాలు ఆఖర్న. "మీరు ఆడవాళ్ళయి ఉండి..." అని ఎవరైనా మొదలుపెడితే తాళాలు వాళ్ళ చేతిలోనే పెట్టి పంపించేస్తాను.

ఆ ఆదివారం మధ్యాహ్నం నేను భోంచేసి చెయ్యి కడుక్కుంటుంటే మా తమ్ముడు కారేసుకుని దిగాడు. అమ్మ పోయేనాటికి వాడికి ఆరేళ్ళు, నాకు పదిహేడు. ముక్కు తుడిచింది నేను, బళ్ళో సంతకాలు పెట్టింది నేను, జ్వరమొస్తే తెల్లార్లూ కూర్చుంది నేను. ఆ గొడవలో నాకు పెళ్ళీ లేదు పెటాకులూ లేవు. నాకంటూ ఉన్నది వాడొక్కడే. ఈ మాట వాడికి బాగా తెలుసు, అదే వచ్చిన చిక్కు.

"అక్కా, కాస్త కడిగి పెట్టవా? రేపు పొద్దున చూసుకోడానికి మనుషులొస్తారు. అమ్మేస్తున్నా."

"కొని రెండు నెలలు కాలేదు కదరా!"

"నచ్చలేదు." వాడు నా మొహం వంక చూడలేదు. "లోపల బాగా కడుగు. వెనకాల ఫ్రెండొకడు తాగి కక్కాడు."

"నీ ఫ్రెండ్సూ నువ్వూ! కక్కినవాడి చేతే కడిగించకపోయావా?"

మామూలుగా అయితే నా మీదికి ఇంతెత్తున లేచేవాడు. ఆ రోజు లేవలేదు. తిన్నగా ఇంట్లోకి పోయి టీవీ పెట్టుకున్నాడు, వీధి చివరిదాకా వినపడేంత గట్టిగా.

తిట్టుకుంటూనే బయట కడిగాను. ముందు లైటు ఒకటి పగిలి ఉంది. దాని కింద బంపరు లోపలికి నొక్కుకుపోయింది. గేటుకి తగిలించి ఉంటాడు, వాడికి డ్రైవింగ్ ఏడ్చినట్టొచ్చు అనుకున్నాను.

వెనక తలుపు తీశాను. కక్కిన కంపు నాకు కొత్త కాదు, ఎన్ని బళ్ళు కడగలేదు! ఇది అది కాదు. వానకి తడిసిన దళసరి బట్ట ఆరకుండా ముక్కిపోయిన వాసన. దాని అడుగున, బాగా దగ్గరికెళ్తే, ఇనప సామాను వాసన. సీటు నల్ల గుడ్డది కాబట్టి మరక తెలియట్లేదు. చెయ్యి ఆనిస్తే మాత్రం మధ్యలో మెత్తగా, తడిగా ఉంది.

మరకలు పోయే మందు చల్లి, బ్రష్షుతో రుద్ది, తడి పీల్చే మిషన్ పెట్టాను. డబ్బాలోకి ఎర్రమట్టి రంగు నీళ్ళొచ్చాయి. పారబోసి మళ్ళీ పెట్టాను. మళ్ళీ అదే రంగు. మూడోసారి, నాలుగోసారి... ఆరు డబ్బాలు పారబోశాను. ఆ సీటంతా బకెట్లో ముంచి తీసినా అన్ని నీళ్ళు పట్టవు. ఏడోసారి డబ్బా మూత తీస్తుంటే నాలుగు చుక్కలు చేతి మీద పడ్డాయి.

వెచ్చగా ఉన్నాయి.

నేను పోసింది చన్నీళ్ళు. మిషన్ వేడెక్కిందేమో అని సర్దిచెప్పుకుని, సీటు వదిలేసి అద్దాల పని పట్టాను.

అద్దాలకి నాదో పద్ధతుంది. బయటి వైపు నిలువుగా తుడుస్తాను, లోపలి వైపు అడ్డంగా. చివర్లో గీత ఏదైనా మిగిలితే, అది నిలువుగా ఉంటే బయటిదని, అడ్డంగా ఉంటే లోపలిదని ఇట్టే తెలిసిపోతుంది. లేకపోతే ఒక్క గీత కోసం పదిసార్లు అటూ ఇటూ తిరగాలి. మిగతా అద్దాలన్నీ తళతళలాడాయి. వెనక తలుపు అద్దం మీద మాత్రం ఒక గీత మిగిలింది. అది నిలువూ కాదు, అడ్డమూ కాదు. కింద మూల నుంచి పైకి, వంకరగా, అరచేతి వెడల్పున.

లోపలికి వంగి తుడిచాను. పోయింది. తలుపు వేసి బయటికొచ్చి చూస్తే మళ్ళీ ఉంది. మళ్ళీ తుడిచాను. మళ్ళీ ఉంది. "నీ దుంప తెగ!" అని ఈసారి బయటి నుంచే గుడ్డ ఆనించి గట్టిగా రుద్దాను. అప్పుడు చూశాను. అద్దానికి లోపలి వైపు ఆవిరి పట్టింది. నా గుడ్డ ఎటు కదిలితే అటు, సరిగ్గా దానికి ఎదురుగా, లోపల ఆవిరి తుడుచుకుపోతోంది. నేను ఆపితే అదీ ఆగింది.

గుడ్డ జారి కింద పడింది.

భయపడ్డానని ఒప్పుకోవడం నాకు చేతకాదు. చేతకాకే ఆ తలుపు తీసుకుని లోపల కూర్చున్నాను. వెలుతురుకి ఎదురుగా చూస్తే ఏ మరకైనా తెలుస్తుంది కదా అని తలుపు వేసుకున్నాను. అద్దం మీద నోటితో ఊదాను. ఆవిరిలో అరచేతి గుర్తులు తేలాయి. ఒకటి కాదు. ఒకదాని మీద ఒకటి, ముప్పయ్యో నలభయ్యో... పెద్ద మగచెయ్యి. తుడిచి తుడిచి, వేళ్ళు జారి జారి, కిందికి వచ్చేకొద్దీ పల్చబడిపోయిన గుర్తులు.

దిగబోయాను. పిడి లాగితే తలుపు రాలేదు. అవతలి తలుపూ రాలేదు. పిల్లలు తీయకుండా పెట్టే లాక్ వేసి ఉంది రెండింటికీ. మా వాడికి పెళ్ళే కాలేదు, పిల్లలెక్కణ్ణించొస్తారు? సీట్ల మధ్య నుంచి ముందుకి పాక్కుంటూ వెళ్ళి డ్రైవరు తలుపు తీసుకుని బయటపడ్డాను. దిగేముందు పైన చిన్నద్దం కనిపించింది. వెనకొచ్చే బళ్ళు కనపడేలా ఉండాల్సిన అద్దం కిందికి వంచి ఉంది. అందులోంచి చూస్తే వెనక సీటు తప్ప ఇంకేమీ కనపడదు.

"ఒరేయ్, ఇటు రా!"

నా అరుపుకి టీవీ ఆగింది. గ్యారేజీలోకి వచ్చిన వాడు నా మొహం చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"వెనక ఎవర్నెక్కించావురా?"

"చెప్పాను కదా, ఫ్రెండు..."

"నా దగ్గరా నీ వేషాలు? ఎవర్ని?"

వాడు షట్టరు వైపు చూశాడు, వీధిలో ఎవరైనా ఉన్నారేమోనని. తరవాత గొంతు బాగా తగ్గించి చెప్పాడు.

"గురువారం రాత్రి, వానలో... సైకిలాయన. సడెన్‌గా అడ్డమొచ్చాడక్కా. నేనే ఎత్తి పడుకోబెట్టాను. ఆస్పత్రికే బయల్దేరాను, ఒట్టు. గేటు దాకా వెళ్ళాను. అక్కడ పోలీసు నిలబడి ఉన్నాడు. తిప్పేశాను."

"తిప్పేసి?"

"తిరుగుతూనే ఉన్నా. ఏం చెయ్యాలో తెలీలేదు. ఆయన తలుపు లాగుతున్నాడు. అద్దం తుడుచుకుని బయటికి చూస్తున్నాడు. మళ్ళీ ఆవిరి పడుతోంది, మళ్ళీ తుడుస్తున్నాడు..."

"ఎంతసేపురా?"

"తెల్లారేదాకా."

లాగి కొట్టాను. వాడు పుట్టాక అదే మొదటిసారి. చెంప పట్టుకుని కింద కూలబడ్డాడు. ఆయనలో కదలిక ఆగిపోయాక ఊరవతల ఒక గోడ పక్కన దించేశాడట. కాసేపాగి అటు వెళ్తే జనం మూగి ఉన్నారట. ఆగకుండా వచ్చేశాడట. "పద, స్టేషన్‌కి" అని చొక్కా పట్టుకున్నాను. నా కాళ్ళు చుట్టేసుకున్నాడు. "నన్ను వాళ్ళకి అప్పజెప్తావా అక్కా? నాకెవరున్నారు?" అన్నాడు, ఆరేళ్ళప్పటి ఏడుపే ఏడుస్తూ.

నాకు వాణ్ణి చూస్తే అసహ్యమేసింది. వాడు లేకుండా పోతాడేమో అన్న భయం దానికన్నా పెద్దదయింది. తప్పు ఇక్కడ చేశాను. ఎవరి మీదా తోసెయ్యను.

"వెళ్ళి మొహం కడుక్కుని కూర్చో" అన్నాను. "అరగంటలో అవగొడతాను."

ఆవిరి మిషన్ పెట్టాను. దానికి లొంగని మరక లేదు. వెనక తలుపు అంచున ఉండే లాక్ మీటని గోటితో కిందికి నొక్కి లాక్ తీసేశాను, తలుపు మూసుకోకుండా నీళ్ళ బకెట్ అడ్డం పెట్టాను. ఒక చేత్తో తుడిచే గుడ్డ పట్టుకుని లోపలికి దూరి సీటు కుట్ల మీద, తలుపు సందుల్లో, పైకప్పు గుడ్డ మీద బుస్సుమని ఆవిరి కొట్టాను. పని చేస్తుంటే భయం తగ్గింది. 'మా తమ్ముడు బతకాలి, నువ్వెలాగూ పోయావు' అని మనసులో అనుకున్నాను. అనుకోలేదు, పైకే అన్నాను.

బకెట్ నేల మీద గీరుకుంటూ జరిగిన చప్పుడైంది.

తలుపు మూసుకుంది. విసురుగా కాదు... మెల్లగా. టక్కుమని.

పిడి లాగాను. రాలేదు. మళ్ళీ లాగాను. మిషన్ దానంతటదే ఆగిపోయింది. లోపలంతా తెల్లటి ఆవిరి. ముందు సీట్లు కూడా కనపడట్లేదు. తడిబట్ట వాసన... ఎక్కడి నుంచో కాదు, పక్క నుంచే.

నా పక్కన సీటు కిందికి దిగింది.

తల తిప్పలేదు. తిప్పలేకపోయాను. తొడ పక్కన వెచ్చగా, తడి పాకుతోంది. ఎవరో ఊపిరి తీస్తున్నారు. తీస్తున్నారు... వదలట్లేదు. నా మణికట్టు మీద ఒక చెయ్యి పడింది. లాగలేదు, నొక్కలేదు. పట్టుకుని, నా చేతిలోని గుడ్డని అద్దానికి ఆనించింది. కింద మూల నుంచి పైకి. వంకరగా. మళ్ళీ. మళ్ళీ. నా చేత తుడిపిస్తోంది.

తుడిచినంత మేరలో గ్యారేజీ కనిపించింది. ఇంట్లోకెళ్ళే తలుపు తెరుచుకుంది. మా వాడు.

"ఒరేయ్! చిన్నోడా! తలుపు తియ్యరా!" అని అరిచాను.

నా పక్క నుంచి, ఆవిరిలోంచి, కొంచెం ఆలస్యంగా... "ఒరేయ్... చిన్నోడా... తలుపు తియ్యరా..."

నా గొంతే.

మళ్ళీ అరిచాను. నోరు తెరుచుకుంది, మాట రాలేదు. గాలి కూడా రాలేదు. పక్క నుంచి మాత్రం అరుపు వస్తూనే ఉంది, నేను అరిచినట్టే, నా విసురుతోటే. వాడు పరుగెత్తుకొచ్చాడు. నా వైపు పిడి పట్టుకుని లాగాడు, రాలేదు. అద్దానికి ఇవతల నేను రెండు చేతులూ ఊపుతున్నాను. వాడి కళ్ళు నా మీద నుంచి దాటిపోయాయి. చుట్టూ తిరిగి అవతలి తలుపుకి వెళ్ళాడు.

అది తేలిగ్గా తెరుచుకుంది.

"వచ్చానక్కా, వచ్చాను... తీశాను చూడు, తీశాను." వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. ఆవిరిలోకి చెయ్యి చాచాడు. ఆ చెయ్యి దేన్నో పట్టుకుంది. "అయ్యో, ఇంత తడిసిపోయావేంటి? నా భుజం పట్టుకో. పద, ఈ కారొద్దు, నీ స్కూటరు మీద ఆస్పత్రికెళ్దాం. నీ మాటే వింటాను, తరవాత స్టేషన్‌కే పోదాం."

నా పక్కన సీటు పైకి లేచింది. వాడు నడుం చుట్టూ చెయ్యేసి, ఒక్కో అడుగూ వేయిస్తూ ఎవరినో తీసుకెళ్ళాడు. వెళ్తూ తలుపు వేసేశాడు. షట్టరు గరగరలాడింది. వాకిట్లో నా స్కూటరు స్టార్టయింది.

అప్పుడు కదిలాను. ముందు సీట్ల మీదుగా దొర్లుకుంటూ బయటపడి, మోకాళ్ళు చీరుకుపోతున్నా షట్టరు కింద నుంచి పాకి వాకిట్లోకి వెళ్ళాను. ఎండ మండిపోతోంది. వీధిలో పురుగు లేదు. స్కూటరు లేదు. వాడికి ఫోన్ చేశాను.

"హలో? ఎవరండీ? మా అక్క ఫోన్ మీ దగ్గరెందుకుంది?"

"నేనేరా, అక్కని" అన్నాను. నా నోట్లోంచి వచ్చింది ఎవరో పెద్దాయన గొంతు. బొంగురుగా, తడిగా.

"ఎవడివయ్యా నువ్వు? మా అక్క నా వెనకే కూర్చుంది."

"బండి ఆపు. నీకు దణ్ణం పెడతాను, దిగిపో... పరుగెత్తు..."

అవతల గాలి హోరు. వాడు నాతో కాదు, వెనక్కి తిరిగి మాట్లాడుతున్నాడు. "ఎవడో పిచ్చోడక్కా, నీ ఫోన్ కొట్టేసినట్టున్నాడు. అవునూ, ఆస్పత్రి అటు కదా, ఇటు తిప్పమంటావేంటి?"

జవాబు నా గొంతులోనే వచ్చింది. రోజూ వాణ్ణి కసిరే గొంతు.

"నాకు తెలుసులేరా. నువ్వు ఆపకుండా పోనీ."

ఫోన్ కట్టయింది. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. టైము చూశాను, నాలుగున్నర. తెల్లారడానికి ఇంకా రాత్రంతా ఉంది. ఆ స్కూటర్లో పెట్రోలు ముందురోజే నిండా కొట్టించాను.