పుట్టింటి కోక

మేముండే విరుదుపట్టి పేరు విరుదునగరంగా మారి కొన్నేళ్లు గడిచిన తరువాతి మాట ఇది. నవంబరు వానలకు ఒట్టపిడారం వైపున ఒక పెద్ద చెరువు తెగి, దాని దిగువ పల్లెలు కొట్టుకుపోయాయి. సహాయానికి వెళ్లవలసిందిగా మా మిషను నుండి నాకు ఆజ్ఞ అందింది. అరవదేశమైనా అక్కడి రైతులు ఇళ్లలో తెలుగు మాట్లాడుతారు, నేను నెల్లూరు వాణ్ణి, కాబట్టి నాకంటె తగినవాడు లేడని పెద్దల నిర్ణయం. ఆ నిర్ణయం ఎంత తొందరపాటుదో ఊరు చేరిన పూటే తెలిసింది.

"ఏమి సామీ, మీదీ తెలుగే అంటిరే," అన్నది గురువమ్మాళ్ అనే వృద్ధురాలు, నా ఓదార్పు ప్రసంగం ఆసాంతం విని. "వినేకి పాట మాదిరి బాగుండాది. ఏం జెప్తిరో మాత్రం తెలీలే."

చుట్టూ ఉన్నవారు నవ్వలేదు. నవ్వే శక్తి వారికి లేదు.

కోవిల్‌పట్టి స్టేషను నుండి ఆ ఊరికి రావడమే ఒక శిక్ష. తడిసిన నల్లరేగడి నేల కాదు, జిగురు. బండి చక్రాలకు మట్టి పేరుకొని ఆకుల మధ్య సందులు కూడా పూడిపోయేవి. బండివాడు సుడలై మాటిమాటికీ దిగి పారతో గీకేవాడు. నా బూటు ఒకటి ఆ బురదలో దిగి మళ్లీ పైకి రాలేదు. బియ్యం మూటలు తడిశాయి. పొడిగా మిగిలినవి పంచిపెట్టడానికి తెచ్చిన తెల్లకోకల కట్టలు మాత్రమే, నీలిగీత అంచువి.

ఊరిలో ఎత్తుగా ఉన్న భాగం నిలిచి ఉంది. కుళ్లిన పత్తి వాసన, చచ్చిన పశువుల వాసన, వాటన్నిటి అడుగున ఎడతెగని బురద వాసన. నన్ను కలవరపెట్టింది మాత్రం అవి కావు. ఏ ఇంటి మీదా పొగ లేదు.

నాతో వచ్చిన ఉపదేశి వేదమాణిక్యం పెద్ద కుండతో గంజి కాచాడు. ఎవరూ రాలేదు. సాయంత్రానికి పులిసింది. పారబోశాము. మరునాడు మళ్లీ కాచాడు, మళ్లీ పారబోశాము.

"ఇంతవరకు మన గంజి స్వీకరించినవి కాకులే, అయ్యా," అన్నాడు అతడు కుండ తోముతూ. "వాటికి బాప్తిస్మమిద్దామా?"

వండినది వద్దంటే బియ్యమిస్తాము, మీరే వండుకోండి అన్నాను. దానికీ తలలు అడ్డంగా ఊపారు. ఆకలితో కళ్లు లోతుకు పోయిన మనుషులు అన్నం వద్దంటుంటే, ప్రార్థనలో కూడా నాకు సహనం నిలవలేదు. మరునాడు ఉదయాన్నే గురువమ్మాళ్ ఇంటికి వెళ్లి గట్టిగానే అడిగాను. ఆమె పశువుల కొట్టం వైపు నడిచింది.

అక్కడ చాప కింద ఆమె కోడలు ముత్తుమారి ఉంది. నీళ్లు తీసిన నాడు తుమ్మకంపలో చిక్కి కనిపించిందట. నిండు గర్భిణి. ఆ ఎత్తును చాప కూడా దాచలేకపోయింది.

"పీనుగు ఊర్లో ఉండగా పొయ్యి ఎట్ల ముట్టిస్తుము, ముద్ద ఎట్ల మింగుతుము సామీ?"

"మరి ఎందుకు ఎత్తలేదు?"

"పుట్టింటి కోక రావాల. అన్నో తమ్ముడో తెచ్చి కప్పితేనే ఆడదాన్ని గడప దాటించేది. దీని పుట్టినూరు చెరువు కిందనే ఉండె. ఇప్పుడు ఊరే లేదు. కోక యాడినించి వస్తాది?"

"ఈమె భర్త ఏడి?"

"నా కొడుకు పత్తి బండ్లతో తూత్తుకుడికి పాయె. దారి తెగి అక్కడనే నిలిచిపాయె."

కొట్టం గుంజకు ఆనుకొని నాలుగేళ్ల పిల్ల కూర్చుని ఉంది. ముత్తుమారి కూతురు, తాయి. పెదవులు పగిలి, ఒళ్లు జ్వరంతో కాలుతోంది. నేను బిస్కెట్టు అందిస్తే చాప వైపు చూసి చెయ్యి వెనక్కి తీసుకుంది. మరొక రోజు ఇలాగే గడిస్తే ఆ కొట్టంలో ఇంకొక చాప పరచవలసి వస్తుందని వైద్యం తెలియని నాకు కూడా అర్థమైంది.

"అన్న కావాలి, అంతే కదా," అన్నాను. నా గొంతులో దయ కంటె విసుగే ఎక్కువగా ఉంది. "నేనే ఆమె అన్నను. కోక నేను పెడతాను."

గురువమ్మాళ్ నావైపు తిరిగింది. "అన్న అనేది ఒగ పూటకు అయ్యేది గాదు సామీ."

"పిల్ల బతకాలా, వద్దా?"

ఆమె పిల్లను చూసింది. కోక కప్పేటప్పుడు ఏమనాలో చెప్పింది.

కట్ట విప్పి ఒక తెల్లకోక తెచ్చాను. వారు చెప్పమన్నట్టే "అమ్మా, పుట్టింటి కోక" అని చెప్పి కప్పాను. ఇన్నాళ్లుగా తడిలో పడి ఉన్న దేహం చల్లగా ఉండాలి. చాప పక్కకు జరిగినప్పుడు నా వేళ్లకు తగిలిన కడుపు... చల్లగా లేదు.

ఊరి వెలుపల పూడ్చాము. తిరిగి వచ్చేసరికి ఇళ్ల మీద పొగ లేస్తోంది. తాయి అవ్వ ఒడిలో కూర్చుని గంజి తాగింది. నేను కళ్లు మూసుకొని దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను. పని ముగిసిందనుకున్నాను.

"ఇంగ రాయి," అన్నది గురువమ్మాళ్.

ఆ సీమలో దారి పక్కన రెండు నిలువు రాళ్లు పాతి, పైన ఒక రాయి అడ్డంగా పరుస్తారు. బాటసారులు తలమీది మూటలు దానిపై దించి సేద తీరుతారు. సుమైతాంగి అంటారు దానిని. కడుపుతో పోయిన స్త్రీ పేరున పుట్టింటివారు దానిని నిలపాలట. పరుల బరువు దిగిన కొద్దీ ఆమె బరువూ దిగుతుందట.

ఓర్పుకు కూడా హద్దుంటుంది. "అడిగిన కోక పెట్టాను. పోయినవారికి రాళ్లు నిలపడం మా సభకు సమ్మతం కాదు," అన్నాను.

"రాయి లేకుంటే దించుకునే చోటేది? మోసుకోని యాడికి పోతాది?" ఆమె గొంతులో కోపం లేదు. "పురుడుకు ఆడది యాడికి పోతాదో, ఆడికే వస్తాది."

పిల్ల జ్వరానికి మందులు తేవాలి. వేదమాణిక్యాన్ని అక్కడ ఉంచి, ఆ మధ్యాహ్నమే బయలుదేరాను. వాన వెలిసి ఎండ కాస్తోంది. దారి కొంత ఆరింది. బండి ఖాళీ. అయినా ఎడ్లు నురగలు కక్కుతూ, వచ్చినప్పటికంటె భారంగా లాగుతున్నాయి.

"కొంచెం ముందుకు జరగండి సామీ," అన్నాడు సుడలై. "వెనకాల దిగబడుతోంది."

"వెనుక ఎవరూ లేరు."

"సరే సామీ."

వాడు తల తిప్పలేదు. కోవిల్‌పట్టి చేరేదాకా తిప్పలేదు.

రైలులో నా ఎదుటి బల్ల ఖాళీగా ఉంది. జనం నిలబడి ప్రయాణం చేశారు గాని, ఎవరూ దానిపై కూర్చోలేదు.

విరుదునగరంలో ఆ వారమంతా చినుకు పడలేదు. మరునాడు దీపాలు పెట్టే వేళకు జట్కా మా బంగళా ముందు ఆగింది. నా భార్య ఎస్తేరమ్మ మిషను ప్రసూతి గదిలో నర్సు. ఆమె వరండా దిగి పరుగున వచ్చింది. నన్ను దాటుకొని... జట్కా వెనుకకు.

"మీకు బుద్ధి ఉందా అండీ? నెలలు నిండిన మనిషిని ఈ గతుకుల్లో తెస్తారా? రామ్మా... నెమ్మదిగా. నా మీద ఆనుకో."

ఆమె ఎడమ చెయ్యి గాలిలో వంగి ఉంది. ఎవరి నడుము చుట్టూనో వేసినట్టు.

"ఎస్తేరూ... ఎవరిని?"

"చెల్లెలుందని ఒక్కనాడైనా చెప్పారా? ఆ సంగతి తరువాత. ముందు నీళ్లు కాయించండి."

ఆమె లోపలి గదికి నడిచి వెళ్లింది. వాకిట్లోని పొడి ఎర్రమన్ను మీద ఆమె చెప్పుల గుర్తులు. వాటి పక్కనే... వట్టి పాదాలు. తడి నల్లమట్టితో.

తలుపు మూసుకుంది. నేను వరండాలో నిలబడ్డాను. లోపల నుండి నా భార్య గొంతు ఒక్కటే వినిపిస్తోంది. "ఓర్చుకో తల్లీ... ఇంకొంచెం... అదీ." మధ్యమధ్య ఆమె ఆగుతోంది, ఎవరి మాటో వింటున్నట్టు. తలుపు కింది నుండి బురద వాసన వచ్చింది. కుళ్లిన పత్తి వాసన. ప్రార్థించబోయాను. 'అమ్మా, పుట్టింటి కోక' అన్న మాటే నోటికి వచ్చింది.

తరువాత ఏ చప్పుడూ లేదు.

తలుపు తెరుచుకుంది. ఎస్తేరమ్మ చేతులకు మోచేతుల దాకా నల్లమట్టి. ముఖంలో అలసిన చిరునవ్వు.

"రండి, మేనమామ గారూ."

మంచం మీద ఎవరూ లేరు. దుప్పటి నిండా చెరువు నీరు. మధ్యలో... నీలిగీత అంచుగల తెల్లకోక. నా చేతులతో నేను కప్పినది, మట్టిలో పూడ్చినది. సగానికి చించి ఉంది. ఒక సగం చిన్న మూటలా చుట్టి ఉంది.

విసురుగా దానిని అందుకున్నాను. భ్రమ అని ఆమె ముందే విప్పి చూపించాలనుకున్నాను. తడిగుడ్డ బరువు ఎంతుంటుందో నాకు తెలుసు... ఇది అంతకంటె బరువు.

"అయ్యో, అలా కాదండీ," అన్నది నా భార్య వెనుక నుండి, గుసగుసగా. "మెడ కింద చెయ్యి పెట్టండి."