నాట్‌విత్‌స్టాండింగ్ చిన్నారావు

జగదాంబ ఉద్యోగంలో చేరిన మొదటి రోజు, మొదటి గంటలోనే, చిన్నారావు పరువుకి ఎసరు పెట్టింది.

"ఏమండీ, టైపు చెయ్యమన్నారు సరే, ఈ మాటకి అర్థం ఏటి?" అంటూ అతను రాసిన సెలవు దరఖాస్తు మీద వేలు పెట్టింది. వేలి కింద 'నాట్‌విత్‌స్టాండింగ్' అనే మాట గూడ్సుబండిలా సాగి ఉంది.

టాటానగర్ స్టేషను వెనకున్న ఆ చిన్న కాంట్రాక్టు కంపెనీలో చిన్నారావు గుమాస్తా. పనివాళ్లకి ఇంగ్లీషులో దరఖాస్తులు రాసిపెట్టేది అతనే. మూడేళ్ల కిందట, డెబ్బై అయిదులో, ఏదో అచ్చుకాగితంలో ఆ మాట చూసి, దాని పొడవుకి మురిసిపోయి, అసిరయ్య అనే పనివాడి దరఖాస్తు నెత్తిన పెట్టాడు. "నాట్‌విత్‌స్టాండింగ్, మా అమ్మకి జ్వరం." సాహెబుగారు చదివారు. కళ్లజోడు తుడుచుకున్నారు. మళ్లీ చదివారు. గుమాస్తాని అర్థం అడిగితే ఆఫీసరు మర్యాద ఏం కాను? సంతకం పెట్టేశారు.

అంతే! పర్సుడీహ్ నుంచి గోవింద్‌పూర్ దాకా తెలుగువాళ్ల ఇళ్లలో ఆ మాట మంత్రమైపోయింది. "బాబూ, ఆ పెద్దమాట ఎయ్యండి" అని వేయించుకుని, కాగితం కళ్లకద్దుకుని మరీ ఇచ్చేవారు. అత్త చావుకీ అదే, మేనకోడలి పెళ్లికీ అదే.

"అంటే... గౌరవనీయులైన అయ్యగారికి, అన్నట్టు" అన్నాడు చిన్నారావు, ఫ్యానుకేసి చూస్తూ.

"సచ్? నిజవేనా?" అంది జగదాంబ, అతనికేసి చూస్తూ.

మర్నాడు వాన. ఆమె గొడుగు ఎంత చిన్నదో! తాను తడిసి, సంచిలో డిక్షనరీని పొడిగా బారిడీహ్‌లో ఇంటి నుంచి మోసుకొచ్చింది.

"'అది ఉన్నప్పటికీ' అని అర్థమండీ. 'అయినా సరే' అన్నట్టు. అడ్డం ఒకటుండాల, దాన్ని దాటేది ఒకటుండాల. వాన ఉంది, అయినా సరే ఆఫీసుకొచ్చాను. అలాగ! మీరేమో మూడేళ్ల నుంచీ 'అయినా సరే, మా అమ్మకి జ్వరం' అని రాత్తన్నారు!"

చిన్నారావు చెవులు ఎర్రబడ్డాయి.

"మరి సాహెబు సంతకం ఎలా పెట్టారండీ?"

"ఆయనకీ తెలీదు గనక" అన్నాడు పీలగా.

ఆమె పకపకా నవ్వింది. కానీ ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. డిక్షనరీని ఇంటికి తీసుకుపోకుండా ఇద్దరి బల్లల మధ్యా వదిలేసింది. నవ్విన నోరు నాలుగు గోడలు దాటకపోవడం ఎంత పెద్ద దయో, ఆ సాయంత్రం చిన్నారావుకి అర్థమైంది. అప్పట్నించి టీకి ఒక మాట చొప్పున నేర్చుకున్నాడు. ఒక్క మాట మాత్రం నోట్లోనే ఉండిపోయింది. అది తెలుగు మాటే.

వానలు వెళ్లేవేళ, అదే కంపెనీలో ఫిట్టరు, జగదాంబ తండ్రి అప్పలసూరి వచ్చాడు.

"బాబూ, నాలుగు రోజులు సెలవు రాయండి. సిక్కోలు ఎల్తన్నాను. మా పిల్లకి సంబంధం సూడాల. పెద్దమాట మరిసిపోకండేం! అది నేకపోతే సాహెబు ఒప్పడు."

వెనక టైపు మిషను చప్పుడు ఆగింది. చిన్నారావు కలమూ ఆగింది. తన మంత్రమే తన కొంప ముంచబోతోంది.

చాలాసేపు ఆలోచించి, మూడేళ్లలో మొదటిసారి ఆ మాటని సరిగ్గా వాడాడు. తెలుగులో చెప్పాలంటే, 'తగిన వరుడు ఈ ఊళ్లోనే ఉన్నప్పటికీ, శ్రీకాకుళంలో వెతకడానికి నాకు సెలవు కావలెను.'

జగదాంబ చదివింది. "వాడకం బాగుంది" అంది, తలెత్తకుండా. కాగితం మిషనులో పెట్టింది. అతను రాసినంతా కొట్టడం అయిపోయిందనిపించాక కూడా, మీటలు ఇంకాసేపు టకటకలాడాయి.

ఈసారి సాహెబుగారు కళ్లజోడు తుడుచుకోలేదు. మొదటిసారి ఆయనకి అర్థమైంది. అదే వచ్చిన చిక్కు! "లడ్కా యహీ హై, తో ఛుట్టీ కాహే?" అని, కుర్రాడు ఇక్కడే ఉంటే సెలవు దండగని కొట్టిపారేశారు. తప్పు రాసినన్నాళ్లూ మంజూరు. ఒప్పు రాసిననాడు నామంజూరు. ఆఫీసు అంటే అదే మరి.

అప్పలసూరి కాగితం ఊపుకుంటూ వచ్చాడు. "ఏటి రాసినావురా? పెళ్లికొడుకు ఈ ఊళ్లోనే ఉన్నాడంట! సాహెబు నీ పేరు సదివి మరీ నవ్వినాడు!"

"పేరా? నేను పేరు రాయలేదండీ!"

"నేను కొట్టాను నాన్నా" అంది జగదాంబ. రిబ్బను సరిచేస్తున్నట్టు మిషను మీదికి వంగింది.

అప్పలసూరి ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. చిన్నారావు తండ్రి జగ్గారావు, తానూ ఒకే రైల్లో ఈ ఊరొచ్చిన సంగతి గుర్తొచ్చిందేమో, గొంతు దిగింది.

"సర్లే. ఇంగిలీసు బాగా వచ్చినోడే గదా."

"ఒక్క ముక్క రాదు నాన్నా" అంది జగదాంబ. "అయినా సరే."