తెగిన పడుగు

“ఈ పొద్దు ఎవురో ఒకరు వస్తారురా కోదండం. మనల్ని వీధిలో నిలబెట్టి పోతారు. నా మనసుకు తెలుస్తా ఉండాది.”

మునిరత్నమ్మ పొయ్యి ఊదుతూ అన్నది. నగరిలో వాళ్లు అద్దెకున్న ఆ ఇంటి పడమటి గోడ మొన్నటి వానకు సగం కూలింది. ఇల్లుగలాయన నెలాఖరుకు ఖాళీ చేయమన్నాడు. తల్లి భయాలు కొడుక్కు అలవాటే. విసుక్కుంటూ మగ్గం దిగి, నేసిన చీరలు మూట కట్టుకుని పుత్తూరు బయలుదేరాడు.

అతడు మలుపు తిరిగాడో లేదో, పక్కింటి తాయమ్మ ఉరుకుతూ వచ్చింది. సర్కారు మనిషి ఇల్లిల్లూ తిరిగి మగ్గాలు రాసుకుంటున్నాడట. మగ్గం మీదున్నది సర్కారు కార్డు మీద కొలిచి ఇచ్చే నూలు కాదు, నల్లబజారులో చాటుగా కొన్నది. బయటపడితే కొడుకు జైలుకే. మునిరత్నమ్మ కత్తి తీసి మగ్గం మీది పడుగు, ఆ నిలువు పోగులన్నీ కోసింది. చుట్ట చుట్టి తాయమ్మ అటక మీదికి పంపింది. మగ్గం కర్రలు విప్పి మూలకు చేర్చి, నేసేవాడు కాళ్లు పెట్టుకునే గుంత మీద పలకలేసి, చాప పరిచింది. వచ్చినాయనతో తమకు మగ్గమే లేదన్నది. ఆయన రాసుకుని పోయాడు.

సాయంత్రం కోదండం దారిలో నేతగాళ్ల సంఘం ఆఫీసులో తల్లి మగ్గం లేదన్న సంగతి విని, మండిపడుతూ వచ్చాడు. ఆ మనిషి నూలు కోసం రాలేదు. నిలువ నీడ లేని నేతగాళ్లకు సర్కారు డబ్బుతో ఇళ్లు కడతారు. మగ్గం ఆడే కుటుంబానికే ఇల్లు.

“ఎందుకొచ్చినావయ్యా అని ఒక్క మాట అడిగినావామ్మా?”

“నిన్ను పట్టుకుపోతారని రా...”

“ఇప్పుడు యాడుండాల మనం? ఆ గుంతలోనా?”

ఆమెకూ కోపం పొంగింది. “ఇండ్లిస్తారని నీకు ముందే తెల్దా? నాకేల చెప్పలేదు?”

“చెప్తే, వస్తాదో రాదోనని నెలంతా ఏడుస్తావని.”

మూడు రోజులు కోదండం తల్లి వడ్డిస్తే తిన్నాడు, పిలిస్తే పలకలేదు.

నాలుగో రోజు పొద్దున్నే మునిరత్నమ్మ ఒక్కతే సంఘం ఆఫీసుకు పోయింది. మొన్న ఇంటికొచ్చిన, ఇళ్ల లెక్క రాసే కృష్ణమూర్తి బల్ల ముందు నిలబడింది.

“మగ్గముండాది సామీ. నేనే అబద్ధం చెప్పినాను. నూలు చాటుగా కొన్నదే. పట్టుకుపోయేదుంటే నన్ను పట్టుకుపో. ఇల్లు మాత్రం నా కొడుక్కు రాయి.”

ఆయన చిరాగ్గా కలం పడేశాడు. నూలు తన పని కాదన్నాడు. రేపు మధ్యాహ్నం వస్తానని, మగ్గం ఆడుతూ కళ్లకు కనబడితేనే రాస్తానని చెప్పాడు.

మునిరత్నమ్మ ఇంటికొచ్చి పలకలు తీసి, మగ్గం కర్రలు మళ్లీ నిలబెట్టింది. తాయమ్మ అటక మీది పడుగు దింపించింది. తెగిన వేల పోగులను ఒక్కొక్కటే వేళ్ల మధ్య పురిపెట్టి అతకసాగింది. పోగులు కళ్లకు ఆనడం లేదు. కోదండం గడపలో నిలబడి చూస్తున్నాడు. ఆఫీసులో జరిగినదంతా చెప్పింది.

“రేపటికి నా ఒక్కదాని వల్ల కాదురా. వస్తావా?”

ఆమె ఇరవై పోగులు అతికింది. ముప్పై అతికింది. కన్నీళ్లకు ఒక పోగు జారిపోయింది.

అతడు వచ్చి మగ్గానికి అటువైపు కూర్చుని, తన వైపు అంచున ఉన్న పోగు అందుకున్నాడు.

“నువ్వు ఆ పక్క నుంచి రామ్మా. నేను ఈ పక్క నుంచి వస్తాను.”