ఇంకోసారి ఎత్తుదామా

"ఆగు, ఆగు. నా వేలు అడ్డొచ్చింది," అన్నాడు ఫోన్ పట్టుకున్న జుల్ఫికర్. "వీడియోలో నువ్వు పడలేదు. మళ్ళీ తియ్యాలి."

గౌతమికి ఒళ్ళు మండింది. మరిడమ్మ అప్పటికే చేపల గంప నెత్తిన పెట్టుకుని వెళ్ళిపోతోంది.

మరిడమ్మ పూడిమడక నుంచి వచ్చి అనకాపల్లి వీధుల్లో చేపలమ్ముతుంది. నిండు గంపని ఒక్కరే నెత్తికెత్తుకోలేరు. అందుకే దారిన పోయేవాళ్ళని "కాస్త సెయ్యెయ్యండి" అని పిలుస్తుంది. ఎవరో ఒకరు ఓ చెయ్యి వేసి, తమ దారిన తాము పోతారు.

ఇవాళ గౌతమి పిలవకుండానే వెళ్ళి చెయ్యి వేసింది. ఎవరికైనా సాయం చేస్తూ వీడియో తీసుకురమ్మని టీచర్ చెప్పారు మరి. బాగున్నదాన్ని సోమవారం క్లాసులో పెద్ద టీవీ మీద వేస్తారు. ఆ టీవీలో తన మొహం కనబడాలి, అంతే.

గౌతమి పరుగెత్తింది. "మామ్మా, ఒక్కసారి దించవా? మళ్ళీ ఎత్తుదాం."

"ఎత్తిందాన్ని దించడమేటి, మళ్ళీ ఎత్తడమేటి?" అంటూనే మరిడమ్మ నవ్వి గంప దించింది. పిల్లలు అడిగితే కాదనలేదు పాపం.

"రెడీ," అన్నాడు జుల్ఫికర్.

గౌతమి గంప అంచు పట్టుకుంది. తల మాత్రం ఫోన్ వైపు తిప్పి, పళ్ళన్నీ కనబడేలా నవ్వింది. గంప లేచింది, ఒరిగింది, దభీమని కింద పడింది. సగం చేపలు మురిక్కాలవలోకి జారిపోయాయి.

గౌతమి కొయ్యబారిపోయింది. ఇప్పుడు తిట్లు తప్పవనుకుంది.

మరిడమ్మ కాలవ వైపు చూడనైనా లేదు. గబుక్కున కూలబడి గౌతమి పాదం పట్టుకుంది. "కాలు మీద పడ్డాదేటమ్మా? ఏదీ, కాలి ఏళ్ళు కదుపు."

గౌతమి కాలు వెనక్కి లాక్కుంది. "నీ చేపలు పోయాయి మామ్మా. నా వల్లే పోయాయి. నా కాలు చూస్తావేంటి?"

"మరేటి సూడమంటావు?" అంది మరిడమ్మ. ఆమెకి నిజంగానే ఆ ప్రశ్న అర్థం కాలేదు.

ఫోన్ లేకపోతే నేనీ గంప ముట్టుకునేదాన్నా అనుకుంది గౌతమి. జవాబు తెలిసి సిగ్గుతో చచ్చిపోయింది.

మరిడమ్మ అప్పుడు కాలవలోకి చూసింది. మొహం వాడిపోయింది. "ఉన్నవైనా ఎండెక్కకముందే అమ్మాల. లేపోతే ఉత్త సేతుల్తో ఇంటికెల్లాల."

జుల్ఫికర్ మెల్లగా ఫోన్ ఎత్తాడు. "ఇప్పుడు తియ్యనా?"

"వద్దు. జేబులో పెట్టి అటు పట్టుకో."

ఈసారి గౌతమి గంపనే చూస్తూ ఎత్తింది. ఎత్తి ఊరుకోలేదు, మరిడమ్మ పక్కనే నడుస్తూ, "చేపలమ్మా, చేపలూ," అని కేకేసింది. మేడ మీద నుంచి ఎవరో క్లాసు పిల్ల కిసుక్కున నవ్వింది. గౌతమి చెవులు ఎర్రబడ్డాయి. అయినా ఇంకా గట్టిగా అరిచింది.

గౌతమి వాళ్ళింటి గేటు తెరుచుకుంది. అమ్మ నోరు తెరుచుకుని నిలబడిపోయింది.

"గౌతమీ, నువ్వా అరుస్తున్నది?"

"నేనేనమ్మా. గిన్నె పట్టుకురా," అని గౌతమి పక్కింటి వైపు తిరిగి మళ్ళీ కేకేసింది.