ఒక్క వరుస తేడా

“నీలం ఫైల్లో ఉందన్నావు. లేదు,” అన్నాడు యేసుదానం మూడోసారి.

“నీలం ఫైల్లో ఉండేవి టీకాల కార్డులు. పిల్ల బాప్తిస్మం సర్టిఫికెట్ అత్తయ్యగారి పెట్టెలో, స్వెటర్ల కింద ఉంది,” అంది సరళకుమారి దోశ తిరగేస్తూ.

“స్వెటర్ల కింద ఎవరైనా సర్టిఫికెట్లు పెడతారా?”

“మీరే పెట్టారు. పెట్టింది మీరు, గుర్తుపెట్టుకోవలసింది నేను.”

అత్తగారు అన్నమ్మ మంచం మీంచే అందుకుంది. “నా పెట్టె జోలికి ఎవ్వరూ రావద్దు. మళ్లీ సర్దుకునే ఓపిక నాకు లేదు.”

“మమ్మీ, మేరా జామెట్రీ బాక్స్ కహా హై?” లోపల్నుంచి కూతురు అనుగ్రహ అరిచింది.

“టీవీ వెనకాల! నలుగురున్న ఇంట్లో ఏది ఎక్కడుందో నేనొక్కదాన్నే మొయ్యాలా? ఒకరోజు నేను మంచాన పడితే?”

“పడమని ఎవరన్నారు?” అన్నాడు యేసుదానం. పేషెంట్లతో వెన్నలా మాట్లాడే మేల్ నర్సు. ఆ వెన్న డ్యూటీ దిగేసరికి అయిపోతుంది.

సరళకుమారి సెల్‌ఫోన్ మోగింది. మెసేజ్: ‘ఎనిమిదో వార్డులో ఆక్సిజన్ అయిపోయింది.’

ఇంట్లోవాళ్లకు తెలిసినంతవరకూ ఆమె ఒక హాస్పిటల్లో మెడికల్ రికార్డ్స్ క్లర్కు. నిజానికి ఇరవై ఏళ్లుగా ఇంటెలిజెన్స్ టెక్నికల్ వింగ్ ఏజెంట్. ఎనిమిదో వార్డు అంటే నోయిడా సెంటర్. ఆక్సిజన్ అయిపోవడమంటే, శత్రువు లోపలికి వచ్చేశాడని.

గ్యాస్ ఆపేసింది. “మిగతావి మీరు పోసుకోండి.”

* * *

ఢిల్లీలో సాకేత్ సిగ్నల్ దగ్గర ఆఫీస్ క్యాబ్ ఆగింది. ఖాకీ చొక్కా, పాన్ నమిలే నోరు. డ్రైవర్ వేషంలో ఉన్నది ఆమె బాస్ చెన్నకేశవులు.

“టైమ్ పదిన్నర. పన్నెండింటికి మాస్టర్ యంత్రాన్ని పడగొడతారు,” అన్నాడు క్యాబ్ నోయిడా వెళ్లే డీఎన్‌డీ ఫ్లైఓవర్ ఎక్కుతుండగా.

నోయిడాలో మూడు వందల యంత్రాలున్నాయి. సరిహద్దు అవతల పనిచేస్తున్న నలభై ఒక్కమంది ఇన్‌ఫార్మర్ల పేర్లు, చిరునామాలు ముక్కలై వాటిల్లో ఉన్నాయి. ఒక్కో ముక్క మూడేసి యంత్రాల్లో. విడిగా ఏ ముక్క ఎత్తుకుపోయినా చెత్తే. ఏ ముక్క దేని పక్కది, ఏది ఎక్కడుంది అనే వివరం, మెటాడేటా, ఉన్నది ఒక్క మాస్టర్ యంత్రం దగ్గరే. అది పరాయి చేతికి పోతే వారం తిరక్కుండా ఆ నలభై ఒక్కమందీ ఉండరు.

“మాస్టర్ డిస్క్‌లో ఫైళ్ల పేర్లు, ముక్కల నంబర్లు మాత్రమే ఉంటాయి సర్. ఏ ముక్క ఏ యంత్రంలో ఉందో దాని మెమరీలోనే ఉంటుంది. పడిపోతే అదీ పోతుంది.”

“మళ్లీ లేస్తే?”

“మూడు వందల యంత్రాలూ తమంతట తామే వచ్చి చెప్పుకుంటాయి, నా దగ్గర ఫలానావి ఉన్నాయని.”

“ఎవరికి?”

“నేనే మాస్టర్నని ఎవరంటే వాళ్లకి. రెండో మాస్టర్ వేరే ఊళ్లో పెట్టండని, లేచి అడిగేది దొంగో దొరో తేల్చే పద్ధతి పెట్టండని నాలుగు నోట్లు రాశాను. మూడు తిరిగొచ్చాయి.”

“ఒకటి ఒప్పుకున్నాం కదా!”

ఒప్పుకున్నది ఒకే ఒక్కటి. అది ఆమెకు తట్టింది యేసుదానం డ్యూటీ కబుర్లలోంచి. షిఫ్ట్ మారేటప్పుడు వచ్చిన నర్సు యూనిఫాం చూసి వార్డు అప్పగించరు. రిజిస్టర్లో ఆఖరి ఎంట్రీ చదివి వినిపించాకే అప్పగిస్తారు. అలాగే మాస్టర్ చేసే ప్రతి మార్పూ లాగ్‌లో, అంటే దాని చిట్టాలో, ఒక వరుసగా ఎక్కుతుంది. కొత్త మాస్టర్ ఆఖరి వరుస నంబరు సరిగ్గా చెబితేనే యంత్రాలు నోరు విప్పుతాయి.

“లోపలున్నది జెనీఫర్, స్టోరేజ్ కన్సల్టెంట్. ఆమె ల్యాప్‌టాప్ మాస్టర్ వేషం వేస్తుంది,” అన్నాడు చెన్నకేశవులు.

“గేటు దగ్గరే పట్టుకోండి!”

“ఆర్డర్ లేదు. దాని కోసమే మీటింగ్‌కి వెళ్తున్నా. ఫోన్ ఆఫ్‌లో ఉంటుంది.”

ఆమె తల కిటికీకి ఆనించి కళ్లు మూసుకుంది. ఇంట్లో సర్టిఫికెట్ దొరకదు, ఇక్కడ ఆర్డర్ దొరకదు.

* * *

పదకొండూ యాభై. హౌస్‌కీపింగ్ నీలం కోటు, చేతిలో నేల తుడిచే పోంఛా. సరళకుమారి సర్వర్ రూమ్‌లోకి వెళ్లింది. జెనీఫర్ ల్యాప్‌టాప్ వైరు లాగేద్దామంటే రాక్ వెనక రెండు వందల వైర్లు, ఒక్కదానికీ లేబుల్ లేదు. లేబుళ్లు అంటించమని కూడా ఆమె నోట్ రాసింది. తప్పు వైరు లాగితే మాస్టర్ తనే పడిపోతుంది.

కన్సోల్ మీద ఎర్ర అక్షరాలు: మెయింటెనెన్స్. 11:40 నుంచి రాతలు నిలిపివేత. ఆఖరి వరుస 718204.

ఇప్పుడర్థమైంది. జెనీఫర్ రాతలు ఆపి, లాగ్ కాపీ చేసుకుంది. ఇక పన్నెండు దాకా నంబరు కదలదు. దొంగ మాస్టర్ ఆ నంబరే చెబుతుంది.

వెనక సెంటు వాసన. పట్టుచీర, నల్లకళ్లద్దాలు.

“పోంఛా బాద్ మే లగానా, దీదీ,” అంది జెనీఫర్ గట్టిగా, తుడవడం తర్వాత చూసుకోమని. పక్కనుంచి వెళుతూ, పెదవులు కదలకుండా తెలుగులో అంది: “నా కాపీ 11:42ది ఆంటీ. మళ్లీ తీయలేను. చెవిలో ఇయర్‌ఫోన్, అందులో వాళ్లున్నారు.”

ఈవిడ ఎవరి మనిషి? ఆలోచించే టైమ్ లేదు. ఆంటీ అన్నందుకు కోపం తెచ్చుకునే టైమ్ కూడా లేదు. లాగ్‌లో ఒక్క వరుస ఎక్కితే చాలు. అయితే రాతలు ఆపడానికి బాస్ పాస్‌వర్డొక్కటి చాలినా, మళ్లీ తెరవాలంటే రెండు పాస్‌వర్డులు కావాలి, తనదీ బాస్‌దీ.

బాస్ ఫోన్ స్విచ్ ఆఫ్.

ఆమె పోంఛా పారేసి చెన్నకేశవులు గదిలోకి పరుగెత్తింది. ఏ సర్కారీ ఆఫీసులోనైనా ఉండేదే, టేబుల్ మీద పెద్ద అద్దం. అద్దం కింద సెలవుల జాబితా, ఫోన్ నంబర్లు, ఒక పసుపు చీటీ. పాస్‌వర్డ్ రాసిన ఆ చీటీ తీసెయ్యమని రెండు మెమోలు ఇచ్చింది. తీయలేదు. జెనీఫర్ రాతలు ఆపగలిగిందీ దాంతోనే అయివుంటుంది. జీవితంలో మొదటిసారి తన మాట వినని మనిషికి ఆమె దణ్ణం పెట్టుకుంది.

మళ్లీ కన్సోల్ దగ్గరికి చేరేసరికి 11:59:20. రెండు పాస్‌వర్డులు. ఎర్ర అక్షరాలు పోయాయి. ఒక ఖాళీ ఫైలు సృష్టించింది. ఎంటర్.

718205.

ఆ నంబరు ప్రతి యంత్రానికీ చేరాలి. షుగర్ మీటర్లా కనిపించే రిసీవర్ కన్సోల్‌కి తగిలించింది. ఎన్ని యంత్రాలకు అందిందో దాని తెర మీద పడుతోంది. 90. 170. 244.

11:59:55. 281.

“త్వరగా తల్లీ,” అంది పిల్లను స్కూలు బస్సు ఎక్కిస్తున్నట్లు.

300. ఆ మరుక్షణం మాస్టర్ ఆగిపోయింది.

గది చివర జెనీఫర్ ల్యాప్‌టాప్ నేనే మాస్టర్నంది. ఆఖరి నంబరెంతని యంత్రాలు అడిగాయి. 718204 అంది. నిరాకరణ, నిరాకరణ, నిరాకరణ. మూడు వందల వరుసలు. నిమిషం తర్వాత అసలు మాస్టర్ లేచి 718205 అనగానే యంత్రాలన్నీ బుద్ధిగా దానికి లెక్క అప్పజెప్పాయి.

* * *

పన్నెండూ నలభైకి అరెస్టు ఆర్డర్ వచ్చింది.

“జెనీఫర్ మన మనిషే. మన తరఫున శత్రువుల రింగ్‌లో చేరి మూడేళ్లయింది,” అన్నాడు చెన్నకేశవులు, మళ్లీ క్యాబ్‌లో.

“నాకెందుకు చెప్పలేదు?”

“తెలియాల్సిన అవసరం లేదనుకున్నాం.”

“ఆవిడకి నేను తెలుసు. నాకు ఆవిడ తెలీదు. తన వల్ల కాకపోయినా, నా వల్ల కాకపోయినా నలభై ఒక్కమంది పోయేవారు. తెలిసినవాళ్లు ఇంకొకరుంటే మీకొచ్చిన నష్టమేమిటి సర్?”

ఆయన గేరు మార్చాడు. “మీ నోట్ ఇవాళ సంతకమైంది. రెండో మాస్టర్ విశాఖపట్నంలో. ఢిల్లీ వదిలి వెళ్లి నిలబెట్టేవాళ్లే ఎవరూ లేరు.”

“నేను వెళ్తాను.”

“ఇంట్లో అడిగి...”

“మీరు క్యాబ్ నడపండి సర్.”

ఆ సాయంత్రం నలుగురూ భోజనానికి కూర్చున్నారు. అన్నమ్మ ప్రార్థన చేసింది. ఇరవై ఏళ్లు దేశ రహస్యాలు దాచిన మనిషికి ఈ ఒక్క మాట పైకి చెప్పడానికి పప్పు, చారు దాటి పెరుగు దాకా పట్టింది.

“సోమవారం నుంచి ఆరు నెలలు నేను విశాఖపట్నంలో ఉంటాను. అక్కడ కొత్త రికార్డ్ రూమ్ పెడుతున్నారు. అడగడం లేదు, చెబుతున్నాను.”

అనుగ్రహ చెంచా ఆగిపోయింది. అన్నమ్మ కొడుకు వంక చూసింది.

“తిరుగు టికెట్ కూడా తీశావా?” అన్నాడు యేసుదానం, పేషెంట్లతో మాట్లాడే గొంతుతో.

“అది ఇంకా లేదండీ,” అని సరళకుమారి పెరుగు గిన్నె ఆయనవైపు జరిపింది.