పద్నాలుగు మార్కుల బీరు

పొద్దున ఆరింటికి లేవగానే మర్డో రెండు పనులు చేస్తాడు. వంటింట్లో బొగ్గు పొయ్యి రాజేస్తాడు. తర్వాత నడవలోని అల్మరా తెరిచి, డ్రమ్ము మూత మీది గొట్టంలో బుడగ వస్తోందో లేదో చూస్తాడు. ఆ రోజు వస్తోంది. ఆరు రోజులుగా వస్తూనే ఉంది.

అల్మరాలో వేడినీళ్ల ట్యాంకు, దాని పైన అరల్లో తువ్వాళ్లు, దుప్పట్లు. ట్యాంకును ఆనుకుని ఇరవై మూడు లీటర్ల బీరు. భూగోళం దక్షిణపు కొసనున్న సౌత్‌లాండ్‌లో ఇంట్లో బీరు పెట్టే ప్రతివాడూ డ్రమ్మును అక్కడే పెడతాడు. చలి ఊళ్లో ఇంటికి వెచ్చటి చోటు అదొక్కటే. మర్డో తండ్రి అక్కడే పెట్టాడు, తాత అక్కడే పెట్టాడు. మర్డో నలభై ఏళ్లు గొర్రెల ఉన్ని కత్తిరించి, సాయంత్రం ఇంటికొచ్చి తాగింది ఆ అల్మరా బీరే. సూపర్‌మార్కెట్లో అన్నిటికన్నా చౌక డబ్బా ఒకటి తేవడం, అందులోని బార్లీ మాల్టు పాకం నీళ్లలో కలపడం, కిలో పంచదార పోయడం, డబ్బా మూత కింద అంటించి ఉన్న ఈస్టు పొట్లం చల్లడం. అంతే. దీనికి చదువెందుకని అతని అభిప్రాయం.

తొమ్మిదింటికి బావమరిది కోలం వచ్చాడు. చేతిలో చీజ్ రోల్స్ పొట్లం. వచ్చీ రాగానే అల్మరా వైపు చూసి ముక్కు ఎగబీల్చాడు.

"బావా, ఈసారి షోలో పెడతావట గదా. ఊరంతా చెప్పుకుంటున్నారు."

"పెడతాను."

"డబ్బా బీరేనా?"

"నీలాగా స్టీలు గంగాళాలు కొని, బార్లీ గింజలు మర పట్టించి, పగలంతా పొయ్యి దగ్గర కూర్చునే ఓపిక నాకు లేదు. మగాడు తాగే బీరు గంటలో పెట్టాలి."

"గంటలో పెట్టావు కాబట్టే పద్నాలుగు వచ్చాయి." కోలం నవ్వాడు. మూడేళ్లుగా ఊరి వ్యవసాయ ప్రదర్శనలో బీరుకి మొదటి బహుమతి, ఆ ఎర్ర కార్డు, అతనిదే. ఆ నవ్వు కూడా మూడేళ్ల నాటిదే. "సరేగానీ, షోనా పదింటికి వస్తోంది. వాళ్లమ్మ కుట్టుమిషను పట్టుకుపోతుందట. తలుపు గడియ పెట్టకు."

"తలుపు తీసే ఉంటుంది. నోరు తీస్తానో లేదో చెప్పలేను."

షోనా అతని ఒక్కగానొక్క కూతురు. డనీడిన్‌లో పాల ఫ్యాక్టరీ ల్యాబులో పనిచేస్తుంది. వాసన చూసి, రుచి చూసి, ఎక్కడ తేడా వచ్చిందో చెప్పడం ఆమె ఉద్యోగం. బీరు రుచి చూసే పరీక్ష కూడా పాసైంది. నాలుగేళ్ల క్రితం ఊరి షోకి జడ్జిగా పిలిస్తే వచ్చింది. సీసాల మీద పేర్లుండవు, నంబర్లే. తండ్రి సీసాకి యాభైకి పద్నాలుగు వేసింది. పట్టికలో ఆఖరి పేరు మర్డోది. గుడారంలో ఎవరో పకపకా నవ్వారు. ఆ రోజు నుంచి మర్డో కూతురితో మాట మానేశాడు. భార్య నేటా ఎంత చెప్పినా వినలేదు. కిందటి ఏడాది శీతాకాలంలో నేటా పోయింది. అప్పుడూ మాట్లాడలేదు.

పదింటికి కారు ఆగింది. షోనా లోపలికి వచ్చి, మామయ్యను కావలించుకుని, తండ్రి ముందు ఆగింది.

"బాగున్నావా నాన్నా?"

"మిషను ముందు గదిలో ఉంది."

ఆమె తల ఊపింది. మిషనుకి చుట్టడానికి పాత దుప్పటి కోసం నడవలోకి వెళ్లి అల్మరా తెరిచింది. అక్కడే నిలబడిపోయింది.

"ఇంకా ఇక్కడేనా నాన్నా?"

"నా ఇల్లు. నా అల్మరా."

ఆమె డ్రమ్ము మీద అరచెయ్యి ఆనించింది. "జనవరి నెల. ఎండాకాలం. ముప్పై డిగ్రీలు దాటి ఉంటుంది ఇది."

"నిన్ను కొలవమన్నానా?"

"బావా, పోనీలే, పిల్ల ఏదో..." అన్నాడు కోలం.

"నువ్వు రోల్ తిను." మర్డో లేచి నిలబడ్డాడు. "మార్చిలో షో. ఈసారీ నువ్వే జడ్జివని తెలుసు. అందుకే పెడుతున్నాను. నాలుగేళ్ల కింద నాదని తెలిసే పద్నాలుగు వేశావు. కన్నతండ్రిని ఊరిముందు నిలబెట్టి నవ్వించావు. కాదంటే కాదను."

"పేర్లు కనిపించవు గదా బావా..."

"దాన్ని చెప్పనీ."

షోనా అల్మరా తలుపు నెమ్మదిగా మూసింది. తండ్రి మీంచి కళ్లు తిప్పుకోలేదు.

"అవును. తెలుసు."

కోలం నములుతున్నవాడు ఆగిపోయాడు.

"మొదటి గుక్కకే తెలిసింది. ఆ వాసనలో పుట్టి పెరిగినదాన్ని. వంద సీసాల్లో కలిపినా నీది పట్టేస్తాను. నలభై వేయడానికి ఎంతసేపు నాన్నా? పెన్సిలు అక్కడిదాకా వెళ్లింది కూడా. కానీ ఆ బీరు బాగాలేదు. పలచన, పుల్లన, పైగా గోడలకేసే రంగుల డబ్బా వాసన. అంకె కింద ఏడు వరసలు రాశాను, ఏం చేస్తే బాగుపడుతుందో. ఇంకెవరికీ అంత రాయలేదు. నువ్వు అంకె చూసి కాగితం పొయ్యిలో వేశావు."

"వేశాను. మళ్లీ ఇస్తే మళ్లీ వేస్తాను."

"వెయ్యకముందు అమ్మ చదివింది. మూడుసార్లు చదివిందట. నీకు వినపడకూడదని బొగ్గు బకెట్ గలగలలాడించావట. ఫోన్లో చెప్పి ఏడ్చింది." ఆమె తండ్రి చేతుల వైపు చూసింది. "అమ్మను సాగనంపిన రోజు నాతో చెయ్యి కలిపావు. పక్కూరి నుంచి పరామర్శకొచ్చినవాళ్లతో కలిపినట్టు. దానికి ఎన్ని మార్కులు వెయ్యమంటావు నాన్నా?"

మర్డో గొంతు పెంచాడు.

"మార్చిలో చూద్దాం."

"చూద్దాం. నీ సీసా మొదటి గుక్కకే పట్టేస్తాను. పట్టుకున్నాక ఒక్క మార్కు కూడా కలపను."

మిషను మోసుకెళ్లి కార్లో పెట్టుకుని వెళ్లిపోయింది. కోలం కూడా టోపీ తీసుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగి, "నువ్వు రాయివి బావా," అన్నాడు. ఈసారి నవ్వలేదు.

మర్డో పొయ్యి ముందు కూర్చున్నాడు. మంట తగ్గింది. బొగ్గు వేద్దామని బకెట్ ఎత్తాడు. ఇనప పిడి గలగలమంది. ఆ చప్పుడుకి నేటా గొంతు వచ్చింది. నాలుగేళ్ల కింద ఇదే పొయ్యి ముందు, కళ్లజోడు ముక్కు చివరికి జార్చుకుని, చప్పుడుని మించి అరుస్తూ చదివిన గొంతు. *పంచదార మానెయ్యండి, ఆ చోట మాల్టు వెయ్యండి. మూత కింది పొట్లం పారేసి మంచి ఈస్టు కొనండి. డ్రమ్మును వేడి అల్మరాలోంచి తీసి, ఇంట్లో అన్నిటికన్నా చల్లటి గదిలో పెట్టండి.* మూడుసార్లు. వినలేదనుకున్నాడు. ఒక్క మాట పోలేదు.

అతను లేచి డ్రమ్ము కుళాయికి గ్లాసు పట్టాడు. తాగాడు. మనసులో ఎవరూ లేకుండా, మొండితనం లేకుండా, కొత్తవాడిలా తాగాడు.

రంగుల డబ్బా వాసన.

మధ్యాహ్నం పక్కింటి కోలం తన పెరటి కంచె అవతల నుంచి తొంగిచూస్తే, మర్డో డ్రమ్మంతా పెరట్లో పులుపు కాడల రూబార్బ్ మొక్కల మీద వంచుతున్నాడు. ఇరవై మూడు లీటర్లు. జన్మలో ఒక సీసా పారబోయని మనిషి.

"బావా! మొక్కలకి దాహమేసిందా?"

"వాటికైనా నచ్చుతుందేమో చూస్తున్నా. లోపలికి పో."

సోమవారం బస్సెక్కి దగ్గరి పట్నం ఇన్వర్‌కార్గిల్ వెళ్లాడు. బీరు సామాన్ల కొట్లోకి అడుగుపెట్టడం అదే మొదలు. నైరీ అనే ఆవిడ ఇరవై ఏళ్లుగా ఆ కొట్టు నడుపుతోంది. గోడ పొడవునా డబ్బాలు చూసి మర్డో బెదిరిపోయాడు.

"ఏది కావాలన్నా?"

"గెలిచేది."

నైరీ నవ్వలేదు. బేరం ఎరిగిన మనిషి. "పసుపు డబ్బా వద్దు. అది పలచటి బీరు, చిన్న తప్పు కూడా పైకి కనిపిస్తుంది. నీకు తీరిక లేకపోతే ఎర్రబీరు డబ్బా తీసుకో, రెండు తప్పులు దాచుకుంటుంది."

"దాచేది వద్దు. తప్పు చెయ్యను."

"అయినా ఎర్రదే తీసుకో. మన నీళ్లకి బాగా కుదురుతుంది. పంచదార?"

"వద్దు. మాల్టు. ఈస్టు వేరే ఇవ్వు, మూత కిందిది పారేస్తాను."

ఆవిడ కళ్లజోడు సవరించుకుంది. "ఇవన్నీ ఎవరు చెప్పారన్నా? డబ్బా కొనేవాళ్లు ఎవరూ ఇలా అడగరు."

మర్డో కౌంటరు చెక్క మీద గీతలు చూస్తూ నిలబడ్డాడు.

"మా అమ్మాయి," అన్నాడు.

ఆ మాట నోట్లోంచి వచ్చి నాలుగేళ్లయింది. నైరీకి అది తెలియదు. ఆమె గుప్పెడు వేయించిన బార్లీ గింజలు, బీరుకి చేదూ వాసనా ఇచ్చే హాప్స్ పూల చిన్న పొట్లం కూడా ముందు పెట్టింది. "గింజలు వేడినీళ్లలో అరగంట నానబెట్టు, టీ పెట్టినట్టు. మరగనివ్వకు, వగరు దిగుతుంది. వడకట్టిన నీళ్లలో ఈ హాప్స్ పది నిమిషాలు ఉడికించి డబ్బా పాకంలో కలుపు. మీ అమ్మాయి ఇది చెప్పలేదా?"

"చెప్పేదే. నేను చెప్పనిస్తేనా?"

ఇంటికొచ్చి అన్నీ అలాగే చేశాడు. గంటలో అయ్యే పని సాయంత్రం దాకా పట్టింది. ఆ తర్వాత డ్రమ్ము పట్టుకుని నడవలో నిలబడ్డాడు. ఇంట్లో అన్నిటికన్నా చల్లటి గది ఏదో అతనికి తెలుసు. దక్షిణం వైపుది; ఆ దేశంలో సూర్యుడు ఉత్తరాన తిరుగుతాడు కాబట్టి ఎండ పడనిది. షోనాది. నాలుగేళ్లుగా తలుపు మూసి ఉంది. దుమ్ము దులపడానికి నేటా వెళ్లేది. అతను వెళ్లలేదు.

మోచేత్తో తలుపు నెట్టాడు. మంచం, బల్ల, గోడ మీద స్కూలు నాటి ఈత పోటీ ఫొటో. అందులో కూతురి పక్కన తనే ఉన్నాడు, ఛాతీ విరుచుకుని. డ్రమ్మును ఫొటో కింద పెట్టి, తడి తువ్వాలు చుట్టాడు. థర్మామీటరు పద్దెనిమిది చూపించింది. ఇంతకాలం కావలసిన చోటు తన చేత్తోనే మూసిపెట్టుకున్నాడు.

రోజుకి రెండుసార్లు ఆ గదిలోకి వెళ్లేవాడు. తువ్వాలు తడపడానికి. రెండో వారానికి కుర్చీ కూడా వేసుకున్నాడు.

షో రోజు గుడారం కిక్కిరిసింది. బల్ల మీద పదకొండు సీసాలు, మెడకి నంబర్లు. షోనా తెల్లకోటు వేసుకుని ఒక్కొక్క గ్లాసూ వెలుగుకి ఎత్తి, వాసన చూసి, గుక్క వేసి, పుక్కిలించి ఉమ్మి రాసుకుంటోంది. మర్డో వెనక వరసలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆమె ఒకసారి తలెత్తి అతన్ని చూసింది. వెంటనే గ్లాసులోకి చూసుకుంది.

నాలుగో సీసా దగ్గర ఆమె మొహం చిట్లించి, మళ్లీ ఒక గుక్క తాగి, ఏదో చాలాసేపు రాసింది. జనం మర్డో వైపు తిరిగారు. అతను కదల్లేదు. తొమ్మిదో సీసా దగ్గర ఆగింది. ఇంకో గుక్క తాగింది. అది మాత్రం ఉమ్మలేదు, మింగింది.

చివరికి మైకు పట్టుకుంది.

"మొదటి బహుమతి తొమ్మిదో నంబరు. యాభైకి నలభై మూడు. ఇంత శుభ్రమైన ఎర్రబీరు ఈ ఊళ్లో నేను తాగలేదు. ఎవరో గింజలతో మొదలుపెట్టి, రోజంతా కష్టపడి పెట్టి ఉంటారు. పైగా తొందరపడని మనిషి. ఎవరో గానీ ఆ మనిషికి చేతులు ఎత్తి దండం పెట్టాలి."

కోలం ఛాతీ ముందుకొచ్చింది. పక్కవాళ్లు అతని భుజం తట్టారు. షో కార్యదర్శి చీటీ విప్పి, ఒకసారి చదువుకుని, కళ్లు తుడుచుకుని మళ్లీ చదివాడు.

"తొమ్మిది... మర్డో."

గుడారమంతా గోల.

"డబ్బా బీరు!" కోలం కేకవేశాడు. "అది డబ్బా బీరండీ! నేను కళ్లారా చూశాను!"

"డబ్బా పనికిరాదని ఎక్కడ రాసుంది?" అన్నాడు కార్యదర్శి. "నీ నాలుగో నంబరు ఐదో స్థానంలో ఉంది కోలం. కూర్చో."

మర్డో జనంలోంచి దారి చేసుకుని బల్ల దగ్గరికొచ్చాడు. వెన్ను నిటారుగా ఉంది. షోనా మైకు పట్టుకుని అలాగే ఉండిపోయింది.

"మొదటి గుక్కకే పట్టేస్తానన్నావు."

"పట్టలేదు నాన్నా." కళ్లనిండా నీళ్లు. "రెండో గుక్కకీ పట్టలేదు. నాలుగోది నీదనుకున్నాను. జాలిపడి రెండు పేజీలు రాశాను."

"అది మీ మామయ్యది. వాడికివ్వు. వాడికీ అల్మరా జబ్బే."

ఆమె ఏడుస్తూనే పగలబడి నవ్వింది. మైకు నవ్వుని గుడారమంతా చల్లింది. ఎర్రకార్డు అతని చేతిలో పెట్టబోయింది. అతను తీసుకోకుండా, చెయ్యి కలపకుండా, రెండు చేతులూ చాచి కూతురిని గట్టిగా పట్టుకున్నాడు. ఉన్ని కత్తిరించిన చేతులు. పట్టు వదలడం వాటికి ఎప్పుడూ కష్టమే.

సాయంత్రం వంటింట్లో పొయ్యి మండుతోంది. బల్ల మీద ఎర్రకార్డు, రెండు గ్లాసులు. షోనా డనీడిన్ వెళ్లలేదు. ఆమె పక్క తయారుగానే ఉంది. గదిలో కొంచెం బీరు వాసన, అంతే.

"మరి యాభైలో మిగతా ఏడు మార్కులు ఎక్కడ పోయాయి?" అన్నాడు మర్డో.

"కాగితం మీద రాశాను."

"చదువు."

ఆమె సంచిలోంచి కాగితం తీసింది. కళ్లజోడు పెట్టుకుంది. అచ్చం తల్లిలాగే అది ముక్కు చివరికి జారింది. మర్డో అలవాటుగా బొగ్గు బకెట్ ఎత్తాడు. ఎత్తి, పిడి చప్పుడు కాకుండా రెండు చేతులతో పట్టుకుని, నేల మీద మెల్లిగా దించాడు. కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

"నురగ తొందరగా కూలిపోయింది," అని మొదలుపెట్టింది షోనా.

"అది నిజమే," అన్నాడు మర్డో. "గట్టిగా చదువు. మీ అమ్మ కూడా వినాలి."